సాంఘికం చెవి, పౌరాణికం చెవి: కంట్రీ అభిమానికి మెటల్ దారి

ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు కొన్ని తెలుగు ఇళ్ళలో ఇంగ్లీషు పాట అంటే ఇప్పటికీ అమెరికన్ గాయకుడు జిమ్ రీవ్సే. మిషన్ బళ్ళలో చదువుకున్న పెద్దవాళ్ళున్న ఇళ్ళయితే చెప్పక్కర్లేదు. డిసెంబరు రాగానే ఆయన క్రిస్మస్ పాటలు అల్మారాలోంచి బయటికొస్తాయి. ఒకప్పుడు క్యాసెట్, తర్వాత సీడీ, ఇప్పుడు యూట్యూబ్. 1964లో విమాన ప్రమాదంలో పోయిన మనిషి, ఇప్పుడే వచ్చి పక్క కుర్చీలో కూర్చుని తీరిగ్గా కబుర్లు చెబుతున్నట్టు పాడతాడు. ఆయన వెనకే జానీ క్యాష్, జాన్ డెన్వర్, కెన్నీ రోజర్స్ వచ్చి చేరారు. అమెరికా పల్లెల నుంచి వచ్చిన ఈ పాటలన్నిటినీ కంట్రీ మ్యూజిక్ అంటారని తెలియకుండానే కంట్రీ అభిమానులైపోయినవాళ్ళు ఈ సరిహద్దులో ఉన్నారు.

అదే ఇంట్లో కొడుకో మేనల్లుడో విశాఖపట్నంలోనో బెంగళూరులోనో ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకు వస్తాడు. హాల్లో బ్లూటూత్ స్పీకర్ పెట్టి ప్రోగ్రెసివ్ మెటల్, అంటే గర్జించే గిటార్లతో మలుపులు తిరుగుతూ పోయే పొడుగు రాక్ పాటలు, మొదలెడతాడు. అర నిమిషం గడవకముందే లోపల్నుంచి కేక: "ఏటిరా ఈ గోల? నూతి మోటారు కాలిపోతున్నట్టుంది, ఆపేయ్!" అంతటితో సరి. ఒకరికి చెవి లేదని కుర్రాడు, మరొకడికి బుద్ధి లేదని పెద్దాయన అనుకుంటారు.

ఇద్దరిలోనూ లోపం లేదు. పాటల వరుస బాగాలేదంతే. మెటల్ అభిమానులు సాధారణంగా రెండు రకాలుగా దెబ్బతింటారు. కొందరు తమకు ప్రాణమైన పాటతోనే మొదలుపెడతారు. అమెరికన్ బ్యాండు సింఫనీ ఎక్స్ 2002లో హోమర్ కావ్యం మీద కట్టిన 'ది ఒడిస్సీ' 24 నిమిషాల పాట. మూడు నిమిషాల్లో మొదలై, నడిచి, ముగిసే పాటకు అలవాటుపడ్డ మనిషి ముందు దాన్ని పెడితే పారిపోడా మరి! ఇంకొందరు భయంకొద్దీ మెత్తని పాటలే ఏరతారు. క్వీన్స్‌రైక్ పాడిన 'సైలెంట్ లూసిడిటీ' అలాంటిది. అకూస్టిక్ గిటార్‌తో జోలపాటలా మొదలవుతుంది, అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో 9వ స్థానం దాకా వెళ్ళింది. కంట్రీ అభిమానికి తప్పకుండా నచ్చుతుంది, కానీ దాంతో మెటల్ పరిచయమైనట్టు కాదు. కారం తినని చుట్టానికి పెరుగన్నం వడ్డించి, ఆవకాయ రుచి చూపించామని చెప్పుకుంటే ఎలా ఉంటుంది?

అసలు అడ్డం ఎక్కడుందో చూడాలి. చప్పుడు అని అందరూ అంటారు గానీ, చప్పుడుకు మనిషి వారంలో అలవాటుపడతాడు. సర్దుకోవడం కష్టమయ్యేది వస్తువుతో. కంట్రీ పాట సాంఘికం. అందులో తాగుడు, అప్పు, జైలు, లారీ, విడాకులు, అమ్మ, చర్చి ఉంటాయి. కంట్రీ పాటకు మూడు కార్డ్స్ (గిటార్ మీద ఒకేసారి మీటే స్వరాల గుంపులు), ఒక నిజం చాలని పాటల రచయిత హార్లన్ హవార్డ్ పేరు మీద ఒక మాట ప్రచారంలో ఉంది. ఆ నిజం కోసం వినేవాడికి కత్తులు, డ్రాగన్లు, మాయా రాజ్యాలు, ఆకాశం అంచున గొంతు పెట్టి పాడే గాయకుడు ఎదురైతే "ఇదంతా ఉత్తుత్తి కదా" అనిపిస్తుంది. ఇలా వీరగాథలు పాడే మెటల్‌ను పవర్ మెటల్ అంటారు, అది పౌరాణికం మరి.

ఇక్కడే తెలుగువాడికి, అందులోనూ నాటకాల పిచ్చి ఉన్న ఈ వైపు తెలుగువాడికి, టెక్సస్ అభిమాని దగ్గర లేని ఆస్తి ఒకటి ఉంది. దసరా పందిట్లో రాయబారం సీను కోసం అర్ధరాత్రి దాకా కూర్చున్న మనిషి, కృష్ణుడు పద్యం చివర రాగం అందుకుని హార్మోనియంతో పోటీపడి సాగదీస్తుంటే ఏ రాయబారి సభలో అలా పాడతాడని అడగడు. వన్స్ మోర్ అంటాడు. మర్నాడు సాంఘిక నాటకానికి వెళ్ళి, అందులో ఎవడైనా అలా సాగదీస్తే మాత్రం విసుక్కుంటాడు. అంటే అతనికి రెండు చెవులూ విడివిడిగా తయారై ఉన్నాయి. మెటల్‌ను సాంఘికం చెవితో వినడం దగ్గరే చిక్కు వస్తోంది. రెండో చెవి తెరిపించగలిగితే సగం పని అయినట్టే.

దానికి ఒక జంట పాటలు బాగా పనికొస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బిస్మార్క్ అనే జర్మన్ యుద్ధనౌక 1941 మే 24న బ్రిటిష్ వాళ్ళ హుడ్ నౌకను ముంచేసింది. హుడ్ మీదున్న 1,400 మందికి పైగా సిబ్బందిలో ముగ్గురే బతికారు. బ్రిటిష్ నౌకలు కసిగా వెంటాడి, మే 27న బిస్మార్క్‌ను సముద్రంలో కలిపాయి. ఈ కథ మీద 1960లో కంట్రీ గాయకుడు జానీ హార్టన్ 'సింక్ ద బిస్మార్క్' పాడాడు. 2019లో స్వీడన్ బ్యాండు సబటన్ 'బిస్మార్క్' పాడింది. రెండూ వెంటవెంటనే వినాలి. హార్టన్ పాటలో కవాతు డ్రమ్ము మీద ఒక మాజీ సైనికుడు వీధి అరుగు మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెబుతాడు. అతను వేటాడినవాళ్ళ పక్షం. సబటన్ పాటలో కథ చెప్పేవాడు అరుగు మీద ఉండడు, స్టేజీ మీద కిరీటం పెట్టుకుని ఉంటాడు. అక్కడ నాయకుడు నౌకే: దాని పొగరు, దాని భయంకర రూపం, దాని పతనం. దుర్యోధనుడి ఏకపాత్రాభినయం విన్నవాళ్ళకు ఆ పొగరు వెంటనే అర్థమవుతుంది. ఇంకో సౌకర్యం కూడా ఉంది. సబటన్ గాయకుడు యోకిమ్ బ్రోడెన్ కీచు గొంతువాడు కాదు. బరువైన, కింది స్థాయి గొంతు, మాట స్పష్టం. జానీ క్యాష్ విన్న చెవికి అది పరాయిది అనిపించదు.

ఇక ఆ మోటారు గోల సంగతి. మెటల్ గిటార్ ఎందుకు అలా చీలినట్టు మోగుతుంది? ఊరేగింపులో మైకుసెట్టువాడు వాల్యూమ్ పూర్తిగా తిప్పేస్తే బాకాలో పాట ఎలా పగిలిపోతుందో అందరికీ తెలుసు. ఆంప్లిఫయర్ మోయగలిగినదానికంటే ఎక్కువ సిగ్నల్ వస్తే ధ్వని తరంగాల కొసలు కోసుకుపోతాయి, లేని అదనపు స్వరాలు పుట్టుకొస్తాయి. మైకుసెట్టులో అది లోపమైతే, గిటార్‌లో కావాలని తెచ్చుకున్న గుణం. మామూలు గిటార్ తీగ మీటగానే మోగి ఆరిపోతుంది. చీల్చిన గిటార్ సన్నాయిలా నిలబడి పలుకుతుంది, గమకం వేయడానికి జాగా దొరుకుతుంది.

ఈ చీలిన ధ్వనికి కంట్రీ ఇంట్లోనే ఒక బంధుత్వం ఉందంటే పెద్దాయన నమ్మకపోవచ్చు. మార్టీ రాబిన్స్ పేరుమోసిన కంట్రీ గాయకుడు. ఆయన 'డోంట్ వర్రీ' 1961లో కంట్రీ చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది. పాటంతా పాలకోవాలా సాగుతుంది. మధ్యలో బేస్ గిటార్ వంతు వస్తుంది. గ్రేడీ మార్టిన్ వాయించిన ఆ కొన్ని సెకన్లలో, తుమ్మెద ఒకటి రేకు డబ్బాలో చిక్కుకుని గిలగిల్లాడినట్టు స్వరం బుర్రుమంటుంది. నాష్‌విల్ స్టూడియోలో మిక్సింగ్ బల్ల మీద ఒక ఛానెల్ పాడవడం వల్ల వచ్చిన చప్పుడది. తీసేయకుండా అలాగే ఉంచారు. ఆ రికార్డింగు ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ చప్పుడును మళ్ళీ మళ్ళీ పుట్టించే పరికరం తయారుచేస్తే, 1962లో గిబ్సన్ కంపెనీ మాస్ట్రో ఫజ్ టోన్ పేరుతో అమ్మింది. మెటల్ గిటార్ గర్జనంతా ఇక్కడే పుట్టిందనడం అతిశయోక్తి. దానికి వేరే తాతలు చాలామందే ఉన్నారు. కానీ ఆ తాతల వరసలో ఒకాయన కౌబాయ్ టోపీ పెట్టుకుని ఉన్నాడన్నది మాత్రం నిజం.

ఒక చిన్న జాగ్రత్త. ఫోన్ స్పీకర్లో మెటల్ వినిపించకూడదు. కంట్రీ రికార్డులో గొంతు ముందు నిలబడుతుంది, గిటార్, ఫిడేలు, స్టీల్ గిటార్ దానికి దారి ఇచ్చి ఖాళీల్లో పలుకుతాయి. మెటల్‌లో గొంతు, గిటార్, డ్రమ్ములు ఒకే వరసలో భుజాలు రాసుకుంటూ నిలబడతాయి. చిన్న స్పీకర్లో అవన్నీ కలిసి ముద్దైపోతాయి. ఒక మాదిరి ఇయర్‌ఫోన్స్ ఉన్నా ఆ ముద్ద విడిపోతుంది.

తర్వాత మెట్టు లయ. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన నౌపడ లైను మీద చిన్న రైలు ఎక్కి తిరిగిన తరం ఇంకా ఉంది. ఆ రైలు పట్టాల అతుకుల మీద పోయే దరువు, జానీ క్యాష్ వెనక గిటార్ కొట్టే 'బూమ్ చికా బూమ్' దరువు దాదాపు ఒకటే. అదే దరువును దౌడు తీయిస్తే మెటల్ అభిమానులు గాలప్ అనేది వస్తుంది: ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు, తాం తక తాం తక. గుర్రపు డెక్కలే. క్యాష్ 1979లో పాడిన 'గోస్ట్ రైడర్స్ ఇన్ ద స్కై' వినండి. స్టాన్ జోన్స్ 1948లో రాసిన పాట అది. చచ్చిపోయిన కౌబాయ్‌లు ఆకాశంలో దయ్యాల పశువుల మందను తరుముతూ పోతుంటారు. వస్తువు చూస్తే అప్పటికే సగం పవర్ మెటల్! దాని వెంటనే ఐరన్ మెయిడెన్ 1983లో చేసిన 'ద ట్రూపర్' పెట్టాలి. క్రిమియా యుద్ధంలో ఫిరంగుల మీదికి గుర్రాలతో దూకిన బ్రిటిష్ సైనికుడి కథ. ఐరన్ మెయిడెన్‌ను అచ్చంగా పవర్ మెటల్ అనరు. కానీ ఆ దౌడు, ఆ జంట గిటార్లు లేకపోతే పవర్ మెటల్ లేదు.

అచ్చమైన పవర్ మెటల్ అంటే జర్మనీలో హాంబర్గ్ నుంచి వచ్చిన హెలోవీన్. 'కీపర్ ఆఫ్ ద సెవెన్ కీస్' మొదటి భాగం 1987లో, రెండో భాగం 1988లో వచ్చాయి. తర్వాత వచ్చిన వందల బ్యాండ్లకు అదే పెద్దబాలశిక్ష. గాయకుడు మైఖేల్ కిస్కె బ్యాండులో చేరేనాటికి 18 ఏళ్ళవాడు. ఎంత పైకి వెళ్ళినా పగలని గొంతు. మొదట పెట్టాల్సింది రెండో భాగంలోని 'ఐ వాంట్ అవుట్'. ఇందులో డ్రాగన్లు లేవు. అందరూ ఇలా ఉండు, అలా చేయి అంటుంటే ఊపిరాడని కుర్రాడి పాట. అంటే పౌరాణిక వేషంలో ఉన్న సాంఘికం. అది ఒంటబట్టాక బ్లైండ్ గార్డియన్ దగ్గరికి పోవచ్చు. వాళ్ళ 'నైట్‌ఫాల్ ఇన్ మిడిల్ ఎర్త్' 1998లో వచ్చింది, టోల్కిన్ సృష్టించిన పురాణం మీద కట్టిన ఆల్బమ్. 1992లో వచ్చిన వాళ్ళ 'ద బార్డ్స్ సాంగ్' అకూస్టిక్ గిటార్ పాట. కచేరీల్లో జనమే పాడేస్తారు, గాయకుడు మైకు వాళ్ళ వైపు తిప్పి నవ్వుతూ నిలబడతాడు.

కంట్రీ అభిమానికి తెలిసిన ఒక కిటుకు పవర్ మెటల్‌లో పదేపదే ఎదురవుతుంది. జానీ క్యాష్ 1956 నాటి 'ఐ వాక్ ద లైన్'లో చరణం చరణానికి శ్రుతి మారుతుంది. కొత్త శ్రుతి అందుకోవడానికి ఆయన ముందుగా గొంతులోనే సన్నగా హుమ్మంటాడు. పవర్ మెటల్ పాటల్లో ఆఖరి పల్లవి దగ్గర శ్రుతి ఒక మెట్టు పైకి లేస్తుంటుంది. హుమ్మనడాలు ఉండవు, తలుపు తన్నుకుని వెళ్ళినట్టు వెళ్ళడమే.

ఒప్పుకోవాల్సినవీ ఉన్నాయి. పవర్ మెటల్‌లో నాసిరకం సరుకు చాలా ఎక్కువ. ఖడ్గం, ఉక్కు, అగ్ని, విధి అనే నాలుగు మాటలు తిప్పి తిప్పి రాసిన పాటలు, సినిమా సెట్టింగుల్లాంటి కీబోర్డు మోతలు, ఒకదాన్నొకటి గుర్తుపట్టలేని బ్యాండ్లు. అయితే లారీ, బీరు, గతుకుల రోడ్డు అనే మూడు మాటలతో ఆల్బమ్ నింపేసే కంట్రీ గాయకులను చూసినవాళ్ళు దీనికి మరీ ఆశ్చర్యపోనక్కర్లేదు.

ప్రోగ్రెసివ్ మెటల్ వేరే కథ. దానికి పౌరాణికం పోలిక అంతగా కుదరదు. కథను పొడుగ్గా, మలుపులతో, వెనక్కీ ముందుకూ తిప్పుతూ చెప్పడం, వాయించడంలో కష్టమైనది ఎంచుకుని దాన్ని తేలిక చేసి చూపడం, ఈ రెండూ దాని లక్షణాలు. మొదటిది కంట్రీ అభిమానికి కొత్త కాదు. విల్లీ నెల్సన్ 1975లో 'రెడ్ హెడెడ్ స్ట్రేంజర్' అని ఆల్బమంతా ఒకే కథగా చేశాడు, భార్యను చంపి ఊళ్ళు పట్టి తిరిగే పాస్టరు కథ. అంతకంటే బలమైన ఉదాహరణ మళ్ళీ మార్టీ రాబిన్సే.

1959లో ఆయన 'ఎల్ పాసో' పాడాడు. పాటలు మూడు నిమిషాలు దాటని రోజుల్లో అది నాలుగున్నర నిమిషాలకు పైగా సాగింది. ఫెలీనా అనే అమ్మాయి మీద ప్రేమ, అసూయతో ఒక హత్య, పారిపోవడం, ఉండబట్టలేక తిరిగి రావడం, తుపాకి దెబ్బ తిని ఆమె చేతుల్లో ప్రాణం విడవడం. చచ్చిపోతున్న మనిషే కథ చెబుతాడు. వెనక అల్లుకుపోయే స్పానిష్ గిటార్ వాయించింది కూడా, రేకు డబ్బాలో తుమ్మెదను పలికించిన ఆ గ్రేడీ మార్టినే. రాబిన్స్ కథను అక్కడ వదల్లేదు. 1966లో ఫెలీనా వైపు నుంచి ఎనిమిది నిమిషాలకు పైగా ఇంకో పాట పాడాడు. 1976లో 'ఎల్ పాసో సిటీ' వచ్చింది. విమానంలో ఆ ఊరి మీదుగా పోతున్న ప్రయాణికుడు కిందికి చూస్తాడు. ఎప్పుడో విన్న పాట గుర్తుకొస్తుంది. గుర్తుకొచ్చేకొద్దీ, ఆ చచ్చిపోయిన కౌబాయ్ తానేనేమో, అది తన పూర్వజన్మేమో అన్న అనుమానం పట్టుకుంటుంది.

ఇప్పుడు డ్రీమ్ థియేటర్. 1985లో బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో కలిసిన ముగ్గురు విద్యార్థులతో మొదలైన బ్యాండు. 1999లో వాళ్ళు చేసిన 'సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ'లో నికొలస్ అనే మనిషి హిప్నాసిస్‌లోకి వెళ్ళి విక్టోరియా అనే అమ్మాయి జీవితాన్ని చూస్తాడు. ఆమె 1928లో హత్యకు గురైంది. ఇద్దరు అన్నదమ్ములు, మధ్యలో ఆమె, అసూయ, తుపాకి. విక్టోరియాయే తన పూర్వజన్మ అని అతనికి తెలుస్తుంది. ఇది 1992 నాటి తమ పాట ఒకదానికి కొనసాగింపు కూడా. రాబిన్స్ 17 ఏళ్ళలో మూడు పాటలుగా చెప్పిన ముడినే వీళ్ళు 77 నిమిషాల్లో చెప్పారు. 'ఎల్ పాసో' మూడు పాటలూ వరసగా వినిపించి, కథ మాత్రం ముందే చెప్పి, ఈ ఆల్బమ్ పెడితే కంట్రీ అభిమాని సంగీతం కోసం కాకపోయినా హంతకుడెవరో తెలుసుకోవడానికైనా కూర్చుంటాడు. పూర్వజన్మ అంటే తెలుగువాడికి వేరే వివరణ అక్కర్లేదు.

మధ్యలో ఒక్కచోట మాత్రం చేయి పట్టుకుని దాటించాలి. అది 'ద డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ', మాటల్లేని ఆరు నిమిషాలు. తాళం వందసార్లకు పైగా మారుతుందని లెక్కపెట్టినవాళ్ళు చెబుతారు. నాలుగు దెబ్బల లయకు అలవాటుపడ్డ పాశ్చాత్య శ్రోతకు ఇది కాళ్ళ కింద నేల లాగేసినట్టు ఉంటుంది. తూర్పు భాగోతంలో మద్దెల విన్న ఈ ప్రాంతం మనిషికి అంత బెంగ ఉండదు. ముందుగా టూల్ బ్యాండు 2001లో చేసిన 'స్కిజమ్' మీద సాధన చేయించొచ్చు. దాని ముఖ్యమైన వరస అయిదు, ఏడు, అయిదు, ఏడుగా నడుస్తుంది. తొడ మీద వేలితో తక తకిట, తకిట తకధిమి అని వేసుకుంటూ వింటే రెండో నిమిషానికల్లా కుదురుకుంటుంది. ఖండచాపు పక్కన మిశ్రచాపు పెట్టారు, అంతే. డ్రీమ్ థియేటర్ పాటలో లెక్కపెట్టడం మానేసి పియానో కోసం కాచుకోవాలి. ఉన్నట్టుండి ఆ గందరగోళం మధ్య రాగ్‌టైమ్ ముక్క ఒకటి, పాత కౌబాయ్ సినిమాల్లో సారా కొట్టులో వాయించేలాంటిది, కులాసాగా నడిచి వెళ్ళిపోతుంది. పెద్దాయన నవ్వేది అక్కడే.

ఇదంతా గొప్ప కోసం చేసే గారడీ కాదా అని అడగొచ్చు. కొంత గారడీయే. అవధానంలో పూరణ చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు ఆ పద్యం ఇంటికెళ్ళాక గుర్తుంటుందా లేదా అని చూసుకోరు. ప్రోగ్రెసివ్ మెటల్‌లోనూ గుర్తుండని పూరణలు బోలెడు. కానీ అదే ఆల్బమ్‌లో 'ద స్పిరిట్ క్యారీస్ ఆన్' ఉంది. నెమ్మదిగా మొదలై, థెరెసా థామసన్ గొంతు, వెనక గాస్పెల్ కోరస్ చేరి పైకి లేచే పాట. ఆదివారం చర్చిలో క్వయర్ విని పెరిగినవాళ్ళకు దాన్ని ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు.

నాటకాల అభిమానులకు ఇంకొకటి. డచ్ సంగీతకారుడు ఆర్యెన్ లూకాసెన్ అయేరియన్ పేరుతో 2004లో 'ద హ్యూమన్ ఈక్వేషన్' చేశాడు. కోమాలో పడిన మనిషి, 20 రోజులు, ఒక్కో రోజుకు ఒక్కో పాట. అతని భయం, కోపం, గర్వం, ప్రేమ, ఒక్కో పాత్రకు ఒక్కో గాయకుడు. పద్యనాటకంలో ఎవరి పద్యం వాళ్ళే పాడినట్టు. గొంతులు గుర్తుపట్టడం మొదలైతే వదలబుద్ధి కాదు.

గొంతు చించుకుని ఉరిమే గ్రోల్ పద్ధతి గాయకుల జోలికి మాత్రం ఇప్పట్లో పోకపోవడమే మంచిది. పవర్ మెటల్‌లో అది అరుదు, ప్రోగ్రెసివ్‌లో కొన్ని బ్యాండ్లకే పరిమితం. స్వీడన్ బ్యాండు ఒపెత్ అలాంటిదే అయినా 2003లో 'డ్యామ్నేషన్' అని ఒక్క ఉరుమూ లేని ఆల్బమ్ చేసింది. ఎప్పుడైనా వాన పడే సాయంత్రం పెట్టుకోవచ్చు.

'సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ' చివర నికొలస్ ఇంటికొస్తాడు. కథ తేలిపోయిందని అతనూ, వినేవాళ్ళూ అనుకుంటారు. గ్రామఫోన్ మీద రికార్డు పెడతాడు. ఇంతలో హిప్నాసిస్ చేసిన మనిషి గొంతు వినిపిస్తుంది, కళ్ళు తెరవమని. ఉలిక్కిపడ్డ కేక, ఆ వెంటనే సూది గరగర. పాటలైపోయినా ఆ గరగర చాలాసేపు అలా సాగుతూనే ఉంటుంది. జిమ్ రీవ్స్ రికార్డు చివరికొచ్చాక లేచి సూది ఎత్తడానికి బద్ధకించిన మధ్యాహ్నాలు చూసినవాళ్ళకు అది బాగా తెలిసిన చప్పుడు. ఆల్బమ్ అయిపోయిందని అక్కడ ఆపేయకూడదు. 2002లో వచ్చిన తర్వాతి ఆల్బమ్ సరిగ్గా ఆ గరగరతోనే మొదలవుతుంది.